ఝట్కా, కమాన్, స్ట్రట్: మా షజ్రాలో లేని తారీఖ్



మూడేళ్ల కింద మా బేటీకి సంబంధం కుదిరినప్పుడు, అవతలి ఖాందాన్ వాళ్లకు చూపించడానికి మా షజ్రా ఒకటి రాసి ఫ్రేము కట్టించాను. ఐదు తరాల పేర్లు. పైన ఒక మున్షీ, ఆయన కింద ఖుర్ఆన్ చదువు చెప్పిన ఒక మౌల్వీ సాబ్, అడుగున రిటైరైన గుమాస్తాను నేను. మధ్యలో దాదాజాన్ పేరు కింద "తిజారత్" అని రాశాను. మా చిచ్చా పేరు కింద కూడా "తిజారత్" అనే రాశాను.

నికాహ్ అయింది, అల్‌హమ్‌దులిల్లాహ్. తర్వాత ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు బేటీ ఆ ఫ్రేము ముందు నిలబడి, "అబ్బా, దాదాజాన్ ఏం అమ్మేవాడు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. దాదాజాన్ ఏమీ అమ్మలేదు. నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలాడు. చిచ్చా కూడా ఏమీ అమ్మలేదు. ముత్తుకూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో యాభై ఏళ్లు బండ్లు బాగుచేశాడు. ఈ మజ్మూన్ ఆ రెండు అబద్ధాలకు నేను కట్టుకుంటున్న కఫ్ఫారా అనుకోండి.

కిందటి డిసెంబర్‌లో వానలు తగ్గాక చిచ్చా ఫోన్ చేశాడు. "బేటా, బండి ముక్కు ఊగతా ఉండాది. స్ట్రట్లు పోయినట్టుండాయి. లండన్ నుంచి నీ భాంజా పంపిన సామాను వచ్చింది కదా, పట్టుకొని రా" అన్నాడు.

ఆ బండి స్టాండర్డ్ 2000. మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు. దాని కథ ముందుకు పోయాక చెబుతాను. చిచ్చా కారు ముందు మడ్‌గార్డు మీద నా చేత బరువు వేయించి, గట్టిగా నొక్కి వదలమన్నాడు. బాగున్న బండి ఒకసారి లేచి నిలబడాలి. ఇది మూడుసార్లు ఊగి ఆగింది. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ రాయమన్నాడు. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. స్ప్రింగు లోపలి గొట్టం మీద నూనె కారి, దాని మీద దుమ్ము ముద్దగా పట్టి ఉంది. "మూడు గవాహీలు చాలు, విప్పు" అన్నాడు.

చిచ్చాకు డెబ్బై ఆరేళ్లు. చేతులు వణుకుతాయి. పానా పట్టుకుంటే నట్టు మీద కూర్చోదు. అందుకని "చేతులు నీవి, అఖల్ నాది" అని కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పని రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో, నట్లు నూనెలో నానుతుండగా, ఆయన చెప్పినవి కొన్ని, తర్వాత నేను కితాబులు తిరగేసి తెలుసుకున్నవి కొన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఝట్కా

మొదట మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మన తారీఖ్ ఎక్కువభాగం మాటల్లోనే దాక్కొని ఉంది. ఝట్కా అంటే మన దక్నీలో కుదుపు. ఆ మాటే మద్రాసు ఇలాకాలో తిరిగే రెండు చక్రాల గుర్రబ్బండికి పేరైంది. తెలుగులో జట్కా అయింది. ఇంగ్లీషు దొరలు కూడా దాన్ని జుట్కా అని తమ హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఎక్కించుకున్నారు. మన కోస్తా ఊళ్లలో "జట్కా సాయిబు" అనేది ఒకే మాటలాగా వాడేవాళ్లు. బండి తోలేవాళ్లలో మనవాళ్లు అంతమంది ఉండేవాళ్లు.

బండి పేరే కుదుపు. మరి ఆ కుదుపును తగ్గించడానికి బండి కింద పెట్టినదాని పేరు కమాన్. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. తీర్-కమాన్ అంటాం కదా, అదే. స్టీలు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులాగా వంచితే అది కమాన్. ఈ రోజుకీ లారీ కింద ఉండే పట్టీలను మతం తేడా లేకుండా తెలుగువాళ్లంతా "కమాన్ కట్ట" అనే అంటారు. "కమాన్ కట్ట విరిగి లారీ బోల్తా" అని పేపర్లో చదివినప్పుడు, అందులో ఒక ఫార్సీ విల్లు విరిగిందని ఎవరికీ తట్టదు.

కమాన్‌ను బండ్లకు బిగించే పద్ధతిలో పెద్ద మార్పు తెచ్చినవాడు లండన్‌లో బగ్గీలు కట్టే ఒబడయా ఎలియట్. 1804లో ఆయన రెండు విల్లులను ఎదురెదురుగా కలిపి, కోడిగుడ్డు ఆకారంలో కమాన్ చేసి, దాన్ని నేరుగా ఇరుసు మీద కూర్చోబెట్టాడు. దాంతో బండి అడుగున పొడుగూతా ఉండే బరువైన దూలం అవసరం పోయింది. బగ్గీలు తేలికయ్యాయి, కుదుపు తగ్గింది.

ఆ హునర్ మద్రాసుకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ అక్కడ దొరలకూ, నవాబులకూ బగ్గీలు కట్టింది. అదే కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన 1903లో ఆవిరితో నడిచే కారు తయారుచేశాడు. 1905లో సింప్సన్ వాళ్ల ఆవిరి బస్సు మన బెజవాడ నుంచి బందరుకు తిరిగింది. గమనించండి, బగ్గీ కట్టిన చేతులే బస్సు కట్టాయి. గుర్రం పోయింది గానీ కమాన్ పోలేదు. అదే విల్లు బగ్గీ కింద నుంచి బస్సు కిందికి వచ్చింది.

దాదాజాన్ జట్కాకు రెండు కమాన్లు. పట్టీ విరిగితే లోహార్ దగ్గరికి తీసుకుపోయేవాడట. ఎర్రగా కాల్చి, కొట్టి, నూనెలో ముంచి "ఆబ్" పట్టించేవాళ్లు. ఆబ్ ఎక్కువైతే పట్టీ గాజులాగా పెళుసవుతుంది, తక్కువైతే వంగి మళ్లీ లేవదు. చిచ్చా చిన్నప్పుడు ఆ కొలిమి ముందు కూర్చొని, నూనెలో ముంచేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి ఆబ్ సరిపోయిందో లేదో చెప్పడం నేర్చుకున్నాడు. ఆయన మొదటి మద్రసా అదే అంటాడు.

మొహర్రం నెలలో రొట్టెల పండుగ రోజుల్లో స్టేషన్ నుంచి బారా షహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువు గట్టు దాకా, పొద్దున్నుంచి రాత్రి వరకు సవారీలు. ఆ నాలుగు రోజుల సంపాదనతో ఇంట్లో పిల్లలందరికీ బట్టలు వచ్చేవట. మా అబ్బాజాన్ ఫీజు కట్టి స్కూలు ఫైనలు రాసింది ఆ జట్కా డబ్బుతోనే. ఆయన చదివాడు కాబట్టి నేను గుమాస్తానయ్యాను. ఆ గుమాస్తానే దాదాజాన్ పేరు కింద "తిజారత్" అని రాశాను.

కార్ఖానా జబాన్

చిచ్చా పదహారేళ్లప్పుడు మద్రాసు పోయాడు. జట్కాలకు రోజులు తగ్గుతున్నాయని దాదాజానే పంపించాడట. పుదుపేటలో, పాత మోటారు సామాన్ల బజారులో, ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరాడు. జీతం లేదు, రెండు పూటలా భోజనం.

ఆ కార్ఖానా జబాన్ వినండి. కార్ఖానా, ఉస్తాద్, షాగిర్ద్, పుర్జా, ఖరాద్, హునర్: ఇవన్నీ ఫార్సీ, అరబ్బీ దారిలో వచ్చిన మాటలు. మిస్త్రీ మాత్రం పోర్చుగీసువాళ్ల "మేస్త్రె" నుంచి వచ్చింది. తాళంచెవిని మనం చాబీ అంటాం, అదీ పోర్చుగీసే. గేరు, క్లచ్చి, బ్రేకు ఇంగ్లీషు. మన తీరానికి ఓడల్లో వచ్చిన ప్రతివాడూ ఒక పనిముట్టో, ఒక మాటో వదిలిపెట్టి పోయాడు. కార్ఖానాలో కూర్చున్న షాగిర్ద్ అవన్నీ ఒకే డబ్బాలో వేసుకొని వాడుకున్నాడు. మన ఉర్దూ గురించి ముషాయిరాలలో మాట్లాడుకుంటాం, బాగుంది. కానీ గ్రీజు చేతులతో ఆ జబాన్‌ను రోజూ బతికించినవాళ్లను ఎవరూ స్టేజీ మీదికి పిలవరు.

మద్రాసులో ఉన్నప్పుడే చిచ్చా షోలవరం చూశాడు. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలోనే, నగరానికి కాస్త ఉత్తరాన ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం కాలం నాటి విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దాని మీద కార్ల పందేలు పెట్టేవాళ్లు. ఉస్తాద్ వెంట టూల్‌బాక్సు మోసుకొని పోయిన చిచ్చాకు అక్కడ ఒక సంగతి తెలిసింది. "బేటా, గెలిపించేది ఇంజన్ అనుకుంటారు జనం. టైరు నేలను వదిలితే ఇంజన్ ఏం చేస్తుంది? టైరును నేలకు అంటిపెట్టేవాడే గెలుస్తాడు."

స్ట్రట్

ఇక్కడ కాస్త ఇల్మ్ మాట్లాడుకోవాలి, ఓపిక పట్టండి.

కుదుపు వచ్చినప్పుడు స్ప్రింగు దాన్ని మింగుతుంది. కానీ స్ప్రింగుకు హజమ్ కాదు. మింగినదాన్ని మళ్లీ వెనక్కి విసురుతుంది. అందుకే వట్టి స్ప్రింగుల మీద బండి ఊగుతూనే ఉంటుంది. పట్టీల కమాన్‌లో పట్టీకీ పట్టీకీ రాపిడి ఉంటుంది కాబట్టి ఊపు కొంత దానంతట అదే తగ్గుతుంది. చుట్ట స్ప్రింగులో ఆ రాపిడి లేదు. కాబట్టి పక్కన ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరే షాక్ అబ్జార్బర్. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు. చక్రం లేచి పడినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టపడి దూరాలి. ఆ కష్టంలో కుదుపు కాస్తా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. స్ప్రింగు దెబ్బను దాచుకుంటుంది, షాక్ అబ్జార్బర్ దాన్ని హజమ్ చేస్తుంది.

పాత కార్లలో ఇవి వేరువేరుగా, పైనా కిందా చేతులతో, చాలా పుర్జాలతో ఉండేవి. మన అంబాసిడర్‌కు ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. ఫియట్‌కు ముందు చుట్ట స్ప్రింగులు, వెనక మళ్లీ కమాన్లే. అమెరికాలో ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజనీరు జనరల్ మోటార్స్‌లో షెవర్లే క్యాడెట్ అనే చిన్న, చవక కారు మీద పనిచేస్తూ ఒక ఆలోచన చేశాడు. చక్రాన్ని నిలబెట్టే స్తంభం, షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కూర్చునే పీట, ఈ మూడూ ఒకటే ఎందుకు కాకూడదు? 1947లో కంపెనీ ఆ కారును ఆపేసింది. మాక్‌ఫర్సన్ ఫోర్డ్‌కు పోయాడు. 1950లో ఇంగ్లండ్ ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లలో ఆ స్ట్రట్ జనంలోకి వచ్చింది. చవక కారు కోసం పుట్టిన ఈ పుర్జాను తర్వాత పోర్షే 911, డాట్సన్ 240జెడ్ లాంటి స్పోర్ట్స్ కార్లు కూడా తీసుకున్నాయి. మన దేశంలో 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800 దీన్ని ఇంటింటికీ తెచ్చింది.

మారుతి వచ్చిన రెండేళ్లకు, 1985లో, స్టాండర్డ్ 2000 వచ్చింది. తయారుచేసింది మద్రాసు దగ్గర వండలూరులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్. అంతకుముందు 1961లో హెరాల్డ్, 1972లో గజెల్ తీసిన కంపెనీ అదే. గజెల్ అంటే జింక. ఇంగ్లీషులోకి ఆ మాట వెళ్లింది అరబ్బీ "గజాల్" నుంచే. ఇక స్టాండర్డ్ 2000 అసలు రూపం ఇంగ్లండ్ రోవర్ ఎస్‌డీ1. అది 1977లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైంది. దాన్ని గీసిన డేవిడ్ బాష్ ఫెరారీ డేటోనా రూపాన్ని మనసులో పెట్టుకొని గీశాడు. ఇంగ్లండ్‌లో దాన్ని పందేల్లో కూడా నడిపారు.

మనవాళ్లు ఆ ఫెరారీ ముక్కు వెనక పెట్టిన ఇంజన్ మాత్రం స్టాండర్డ్ వాన్‌గార్డ్ కాలం నాటిది, 1991 సీసీ. తమాషా ఏంటంటే ఆ ఖాందాన్ ఇంజనే 1950లలో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ టీఆర్2 స్పోర్ట్స్ కారులోనూ ఉంది, ఫెర్గూసన్ ట్రాక్టర్‌లోనూ ఉంది. పొలం దున్నినవాడూ, పందెంలో పరిగెత్తినవాడూ ఒకే తల్లి బిడ్డలు. కానీ 1985 నాటికి ఆ ఇంజన్‌కు ముసలితనం వచ్చేసింది. పెట్రోలు తాగేది. చవక మారుతి పక్కన నిలబడలేకపోయింది. 1988కల్లా ఆ కారు ఆగిపోయింది. నిజాయితీగా చెప్పాలంటే అది స్పోర్ట్స్ కారు కాదు, స్పోర్ట్స్ కారు షేర్వానీ తొడుక్కున్న పెద్దమనిషి. అయినా ముత్తుకూరు రోడ్డు మీద పిల్లలందరం దాన్ని స్పోర్ట్స్ కారనే పిలిచాం. ఇప్పటికీ అలాగే పిలుస్తాం.

రొయ్యల రోజులు

అది చిచ్చా చేతికి ఎలా వచ్చిందో వినండి. 1990ల మొదట్లో మన తీరమంతా, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా, టైగర్ రొయ్యల చెరువులు తవ్వారు. ఒక్క పంటలో లక్షలు. అప్పటిదాకా సైకిలు తొక్కినవాళ్లు కార్లు కొన్నారు. ఒక రైతు మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో ఈ స్టాండర్డ్ 2000 కొని, చెరువు గట్ల మీద, ఉప్పునీటి బురదలో తిప్పాడు.

1994, 95లలో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. రాత్రికి రాత్రి చెరువులు తెల్లబోయాయి. 1996 డిసెంబర్‌లో తీరప్రాంత చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కొన్నవాళ్లంతా అమ్మడం మొదలుపెట్టారు. ఈ కారును మాత్రం ఎవరూ కొనలేదు. పుర్జాలు దొరకవు, పెట్రోలు తాగుతుంది. ఆ రైతు చిచ్చాకు చాలా బాకీ ఉన్నాడు. ఒకరోజు కారు తెచ్చి షెడ్డు ముందు నిలిపి, చాబీ చిచ్చా చేతిలో పెట్టి, "భాయ్, ఇంతకు మించి నా దగ్గర లేదు" అని నడిచి వెళ్లిపోయాడట. చిచ్చా ఆయన వెనకే పోయి బస్సు చార్జీ ఇచ్చి వచ్చాడు.

1997 ఎండాకాలంలో దాని ముందు స్ట్రట్లు మొదటిసారి విప్పాం. అప్పటికి నాకు గుమాస్తా ఉద్యోగం కొత్త. సెలవు పెట్టి సాయానికి పోయాను. ఆ రోజే చిచ్చా నన్ను చెంపమీద కొట్టాడు. షాగిర్దుల ముందు, చాయ్ దుకాణం వాళ్ల ముందు, ఉద్యోగస్తుడినైన నన్ను. నేను చేతులు కడుక్కొని ఇంటికి వచ్చేశాను. పెళ్లిళ్లకూ, మయ్యత్‌లకూ తప్ప ఆ షెడ్డుకు మళ్లీ పోలేదు. "తిజారత్" అని రాసిన చెయ్యిలో ఆ చెంపదెబ్బ కూడా ఉంది దోస్తులారా, దాచిపెట్టను.

రెండోసారి

కిందటి డిసెంబర్‌లో అదే పని మళ్లీ చేశాం. చిచ్చా చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

బండి ముందుభాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ మీద నమ్మకం పెట్టి ఎవరూ బండి కిందికి పోకూడదు. చక్రం తీసి, బ్రేకు కాలిపర్ విప్పి, తీగతో పైకి కట్టాలి. దాని పైపు మీద బరువు వేలాడకూడదు. స్టీరింగు కడ్డీ కొస విడదీయాలి. బానెట్ తెరిస్తే పైన స్ట్రట్ తల కనపడుతుంది. చుట్టూ ఉన్న నట్లు విప్పితే స్ట్రట్ మొత్తం స్ప్రింగుతో సహా కిందికి వస్తుంది. మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని మాత్రం అప్పుడే ముట్టుకోకూడదు.

1997లో నేను ముట్టుకున్నది సరిగ్గా ఆ నట్టునే. స్ప్రింగును ఇంకా బిగించకుండానే, తొందరపడి, ముఖం దాని మీదికి వంచి, పానా వేసి తిప్పుతున్నాను. అణిచిపెట్టిన స్ప్రింగుకు ఆ ఒక్క నట్టే తాళం. అది ఊడితే స్ప్రింగు తుపాకీగుండులాగా వస్తుంది. చిచ్చాకు నోటితో చెప్పే టైము లేదు. ఒక చేత్తో పానా లాగి, ఇంకో చేత్తో నన్ను కొట్టాడు. ఇరవై ఏళ్లకు పైగా నేను మోసిన ఆ బేఇజ్జతీ నా ముఖాన్ని కాపాడిందని ఈసారి రెండు వైపులా కంప్రెసర్లు బిగించి, స్ప్రింగు చుట్లు దగ్గరకు వస్తుంటే ఆ కరకర శబ్దం విన్నప్పుడు అర్థమైంది. చెయ్యి ఆపి చిచ్చా వైపు చూశాను. ఆయన వేరేవైపు చూస్తూ, "సమంగా తిప్పు, ఒకవైపే బిగిస్తే జారుతుంది" అన్నాడు. ఆ విషయం మీద మేము మాట్లాడుకున్నది అంతే.

స్ప్రింగు తీశాక గొట్టం మిగులుతుంది. దాని మూతి నట్టు ఉప్పుగాలికి తుప్పుపట్టి, గొట్టంలో కలిసిపోయినట్టే ఉంది. మన తీరంలో బండిని రోడ్డు కన్నా గాలే ఎక్కువ తింటుంది. నూనె పోసి రాత్రంతా నానబెట్టాం. ఆ రాత్రి చిచ్చా పాత డబ్బా ఒకటి తెచ్చి చూపించాడు, గేబ్రియల్ కంపెనీది. "ఈ పేరెందుకో తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. తర్వాత వెతికితే తెలిసింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఊరి క్లాడ్ ఫోస్టర్ మొదట కార్లకు బూరాలు చేసేవాడు. ఈసాయీల రివాయత్‌లో ఆఖరి రోజున బూరా ఊదేది గేబ్రియల్ కాబట్టి దానికి గేబ్రియల్ హారన్ అని పేరు పెట్టాడు. తర్వాత అదే కంపెనీ కుదుపులు ఆపే సామాను చేసి పేరు పొందింది. 1961లో గేబ్రియల్ ఇండియా బొంబాయిలో మొదలైంది. గేబ్రియల్ అంటే మన జిబ్రయీల్ అలైహిస్సలామ్. మన దగ్గర సూర్ ఊదేది ఇస్రాఫీల్ అలైహిస్సలామ్ కదా అంటే, చిచ్చా నవ్వి, "బూరా ఎవరు ఊదితే ఏంది బేటా, గుంతలో పడ్డప్పుడు అందరం అల్లానే తలుచుకుంటాం" అన్నాడు.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే చదివాను. స్పోర్ట్స్ కార్ల షాక్ అబ్జార్బర్లకు పేరుపడ్డ హాలండ్ కంపెనీ కోనీ 1857లో మొదలైంది గుర్రపు సాజ్ తయారీతో. 1932లో మొదటి షాక్ అబ్జార్బర్ చేసింది. జట్కా తోలిన తండ్రి, స్ట్రట్ విప్పే కొడుకు, మా ఇంటి కథ కూడా అంతే. ఆ కంపెనీ తన గుర్రాలను దాచుకోలేదు. మేము దాచుకున్నాం.

మర్నాడు పెద్ద పైపు పానా వేసి, నేనూ చిచ్చా మనవడూ ఇద్దరం వేలాడితే మూతి నట్టు కదిలింది. లోపల నుంచి పాత ఇన్సర్ట్ బయటికి లాగాం. 1997లో పుదుపేటలో దొరికిన జత అది. బయటికి చూస్తే బాగానే ఉంది. కడ్డీని కిందికి నొక్కితే వెన్నలో వేలు దిగినట్టు దిగింది, నొక్కింది మళ్లీ పైకి రాలేదు. కొత్తదాన్ని నొక్కితే మెల్లగా, గట్టిగా, ఎదురు చెబుతూ దిగింది. ఖోల్ అదే ఉంటుంది, లోపలి మనిషి మారతాడు. ఇన్సర్ట్ అంటే ఇంతే. పాత గొట్టంలో నూనె నేరుగా ఉండేది. అది అరిగితే నూనె పారబోసి, అన్నీ లోపలే మూసి ఉన్న కొత్త కార్ట్రిడ్జిని ఆ గొట్టంలోకి దించుతారు.

గొట్టం లోపల మసి కడిగి తుడిచాక, కార్ట్రిడ్జి దించే ముందు చిచ్చా కొంచెం నూనె పోయమన్నాడు. "లోపల అంతా మూసేసి ఉంది కదా, మళ్లీ నూనె ఎందుకు?" అన్నాను. కార్ట్రిడ్జికీ గొట్టానికీ మధ్య గాలి మిగిలితే వేడి బయటికి పోదు. ఆ సందులో నూనె ఉంటే వేడి దాంట్లోంచి గొట్టానికి, గొట్టం నుంచి గాలికి పోతుంది. ఎక్కువ పోస్తే మూతి బిగించినప్పుడు పొంగుతుంది. కొత్త రబ్బరు తొడుగు, కొత్త బఫర్ వేశాం. ఒకవైపు ఇంకా కాస్త బాగుంది కదా, ఒక్కటే మారుద్దామా అన్నాడు మనవడు. "ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు వేసుకొని నడుస్తావా?" అన్నాడు చిచ్చా. రెండూ మార్చాం. చివర నెల్లూరు పోయి చక్రాల అలైన్‌మెంట్ చేయించాం. స్ట్రట్ విప్పినప్పుడు చక్రం వాలు మారుతుంది, అది సరిచేయకపోతే కొత్త టైర్లు కూడా అరుగుతాయి.

అసర్ తర్వాత మైపాడు దాకా పోయాం. చిచ్చా పక్క సీటులో కూర్చొని కళ్లు మూసుకున్నాడు. గుంత వచ్చిన ప్రతిసారీ ముక్కు ఒకసారి వంగి, లేచి, నిలబడింది. సముద్రం దగ్గర ఆపినప్పుడు, "సరిగ్గా కూర్చుంది" అని ఒక్క మాట అన్నాడు.

మిగిలింది

చిచ్చా షెడ్డు ఇక ఎన్నాళ్లుంటుందో తెలియదు. 2000 తర్వాత హైవే నాలుగు లైన్లయింది, లారీలు ఊరి బయటి నుంచే పోతున్నాయి. కొత్త కార్లకు స్ట్రట్ పాడైతే విప్పేపని లేదు, మొత్తం తీసి కొత్తది బిగిస్తారు. తప్పు పట్టడం లేదు, అది త్వరగా అయ్యే పని, ప్రాణానికి భద్రం కూడా. కానీ నూనెలో ముంచిన పట్టీ చప్పుడు విని ఆబ్ చెప్పగలిగిన చెవి ఒకటి మన మధ్య ఇంకా ఉంది. ఆ చెవి పోయేలోపు దాని తారీఖ్ రాయాలి. రాజుల తారీఖ్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మన జట్కాల తారీఖ్, ఖరాద్‌ల తారీఖ్, కుట్టుమిషన్ల తారీఖ్ మనం రాయకపోతే ఎవరూ రాయరు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం పని చేశారో, ఏ పనిముట్టును ఏ పేరుతో పిలిచారో ఈ వారంలోనే అడగండి. పిల్లల చేత రాయించండి.

నేను ఫ్రేము కిందికి దించి, అద్దం తీసి, రెండు చోట్లా "తిజారత్" కొట్టేశాను. చెరిపెయ్యలేదు, కొట్టేశాను, నేను రాసిన అబద్ధం కూడా కనపడాలని. దాదాజాన్ పేరు కింద "జట్కా, నెల్లూరు స్టేషన్" అని రాశాను. చిచ్చా పేరు కింద ఏం రాయాలని ఆయన్నే ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఆలోచించి, "మెకానిక్ అని రాయి. ఉస్తాద్ అని రాయకు, దాన్ని వేరేవాళ్లు రాయాలి" అన్నాడు.

వేరేవాడిగా నేనే రాశాను.

అల్లాహ్ దాదాజాన్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. చిచ్చా నీడ మా మీద చాలా ఏళ్లు ఉంచుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.